మాంట్ బ్లాంక్ విమాన ప్రమాదము: వదంతులు, సాక్ష్యములు

1966 జనవరి 24వ తేదీ ఉదయమున, బొంబాయినుండి లండను పోవుచున్న ఎయిర్ ఇండియా వారి బోయింగ్ 707 విమానము 'కాంచనజంగ' ఆల్ప్సు పర్వతములలోని మాంట్ బ్లాంక్ శిఖరము చెంత కూలిపోయెను. అందలి 117 మందియు మరణించిరి. భారత అణుశక్తి కార్యక్రమమునకు మూలపురుషుడైన డాక్టర్ హోమీ భాభా వారిలో నొకరు. ఈ దుర్ఘటనకు కారణముగా మూడు కథనములు ప్రచారములో నున్నవి. మూడును ఏకకాలమున నిజము కానేరవు. కావున వాని బలాబలములను పరిశీలింతము.

మొదటిది 1967లో ముగిసిన ఫ్రెంచి విచారణ సంఘపు నిర్ణయము. దిశను తెలుపు రేడియో గ్రాహకములలో ఒకటి బేరూత్ విడుచునప్పటికే చెడియుండెను. జెనీవాలో దిగవలసిన పైలట్, తాము మాంట్ బ్లాంక్ ప్రక్కకు వచ్చితిమని రేడియోలో తెలిపెను. రాడారులో చూచుచున్న నియంత్రణాధికారి ఆ లెక్క తప్పని గ్రహించి, పర్వతమునకు ఇంకను ఐదు మైళ్ల దూరము కలదని చెప్పెను. జెట్ విమానమునకు అది ఇంచుమించు ఒక నిమిషపు ప్రయాణము. మాట తగినంత స్పష్టముగా లేనందున, శిఖరమును దాటితిమని పైలట్ భావించి, 19,000 అడుగుల ఎత్తునుండి దిగసాగెను. విమానము సుమారు 4,750 మీటర్ల ఎత్తున కొండను తాకెను. శిఖరపు ఎత్తు సుమారు 4,800 మీటర్లు.

ఇందును ఒక లోపము లేకపోలేదు. పైలట్ మనస్సులో నున్నదేమో చెప్పుటకు ఎవరును బ్రతికి లేరు, అది ఊహయే. కాని ఆ ఊహకు రేడియో సంభాషణ, రాడారు, విమానము తగిలిన ఎత్తు అను మూడు ఆధారములు కలవు.

రెండవది బాంబు కథ. అమెరికా గూఢచార సంస్థలో పనిచేసిన రాబర్ట్ క్రౌలీ, విమానపు సరకుల గదిలో తమవారు బాంబు నుంచిరని తనతో చెప్పినట్లు గ్రెగరీ డగ్లస్ అను రచయిత ప్రకటించెను. కాని ఆ ప్రకటన వెలువడునాటికే క్రౌలీ చనిపోయెను. ఆయన 2000లో మరణించెను. చెప్పినవానిని ప్రశ్నింపజాలము. విన్నవాని మాట తప్ప వేరొక సాక్ష్యము లేదు. దీనిని నమ్మువారు, భాభా 1965లో పదునెనిమిది నెలలలో అణుబాంబు చేయగలమని చెప్పుటను, ప్రమాదమునకు పదమూడు దినముల ముందు లాల్ బహదూర్ శాస్త్రి తాష్కెంటులో మరణించుటను చూపుదురు. ఇవి అనుమానమునకు హేతువులు కావచ్చును. నేరమునకు ఋజువులు కావు. అదియునుగాక, బాంబే కారణమైనచో, పైలట్ తన స్థానమును తప్పుగా తెలిపిన కొద్దిసేపటికే, సరిగా ఆ కొండ యొద్దనే అది ప్రేలుట ఎట్లు సంభవించెనో చెప్పవలసియుండును.

మూడవది, మరియొక విమానము ఢీకొన్నదనుట. హిమానీనదములో దొరకిన శకలములే దీనికి ఆధారమందురు. ఇచ్చట భౌతిక భూగోళము మనకు తోడ్పడును. హిమానీనదము నిలిచియుండు మంచు కాదు. అది మెల్లగా దిగువకు ప్రవహించును. పడిన వస్తువును దశాబ్దముల పిదప మరియొకచోట వెలికి తెచ్చును. కావున దొరకిన చోటు పడిన చోటు కాదు. పైగా 1950 నవంబరులో ఎయిర్ ఇండియా వారి మరియొక విమానము 'మలబార్ ప్రిన్సెస్' కూడ ఈ పర్వతముమీదనే కూలెను. అది పిస్టన్ ఇంజనులది. 'కాంచనజంగ' జెట్ ఇంజనులది. దొరకిన ముక్క ఏ విమానమునకు చెందినదో తేల్చనిదే దానిపై సిద్ధాంతము కట్టరాదు. 2012లో అచ్చట భారత దౌత్యపు సంచి యొకటి బయటపడినప్పుడు రహస్యములుండునని కొందరు ఆశించిరి. అందుండినవి ప్రధానముగ వార్తాపత్రికలు, క్యాలెండర్లు.

భాభాను హత్యచేసిరని సభలలో రూఢిగా చెప్పుట పరిపాటి యైనది. ఋజువులేని నేరారోపణ అన్యాయము; అంతకు మించిన నష్టము మరొకటి కలదు. అస్పష్టమైన ఒక వాక్యము 117 ప్రాణములను తీయగలదను పాఠము మరుగున పడుచున్నది. ఉపాధ్యాయులు ఈ మూడు కథనములను తరగతిలో నల్లబల్లపై వ్రాసి, ప్రతిదాని క్రిందను మూడు ప్రశ్నలు వేయింపవచ్చును: చెప్పినది ఎవరు? వారికెట్లు తెలిసెను? ఇది అబద్ధమైనచో ఏమి కనబడవలెను? మూడవ ప్రశ్నకు జవాబు నీయలేని కథనము ఎంత ఆసక్తికరమైనను విజ్ఞానశాస్త్రము కాదు.