నేల కనిపించని స్మారకం

స్మారకం కూడా ఒక రచనే. అది ఏమి చెప్పిందో చదవడంతో పని తీరదు, ఏమి చెప్పకుండా వదిలిందో కూడా చదవాలి. అమెరికా వైమానికదళ స్మారకం ఇందుకు మంచి ఉదాహరణ.

వర్జీనియా రాష్ట్రంలోని ఆర్లింగ్టన్‌లో, పెంటగన్‌కు దగ్గరగా, 2006లో దీన్ని ఆవిష్కరించారు. రూపకర్త జేమ్స్ ఇంగో ఫ్రీడ్. మూడు ఉక్కు స్తంభాలు వంపు తిరుగుతూ ఆకాశంలోకి లేస్తాయి. అన్నిటికన్నా ఎత్తయినది 270 అడుగులు. నాలుగు విమానాలు కలిసి పైకి లేచి తలో దిక్కుకూ విడిపోయే విన్యాసం దీనికి మూలం. ఆ విన్యాసం పేరు 'బాంబ్ బర్స్ట్'. ఇక్కడున్నవి మూడే. లేని నాలుగోది తిరిగిరాని వైమానికుణ్ణి గుర్తుచేస్తుంది.

శిల్పరీత్యా ఇది సామాన్యమైన ఊహ కాదు. కొడుకును పోగొట్టుకున్న తల్లి దుఃఖం ఏ దేశంలోనైనా దుఃఖమే. దాన్ని చులకన చేసేది అభ్యుదయ విమర్శ అనిపించుకోదు.

కాని వస్తువు మాటేమిటి? విన్యాసం పేరులో బాంబు ఉంది, స్మారకంలో బాంబు పడిన నేల లేదు. ఈ స్మారకం పూర్వపు సైనిక విమాన దళాలను కూడా గౌరవిస్తుంది. 1945 మార్చిలో ఒక్క రాత్రిలో టోక్యో నగరాన్ని తగలబెట్టింది ఆ దళాలే. దాదాపు లక్షమంది చనిపోయారు. 1964-73 మధ్య లావోస్ మీద 20 లక్షల టన్నులకు పైగా బాంబులు కురిశాయి. వాటిలో పేలకుండా మిగిలినవి నేటికీ పొలాల్లో మనుషుల్ని చంపుతున్నాయి. వీళ్ళకోసం ఏ స్తంభాన్ని ఖాళీగా వదిలారు?

ఇది ప్రతిభాలోపం కాదు. నాజీ జర్మనీ నుంచి బాల్యంలోనే బయటపడిన ఫ్రీడ్, 1993లో వాషింగ్టన్‌లో తెరిచిన యూదు నరమేధ స్మారక మ్యూజియాన్ని కూడా రూపొందించాడు. అక్కడ ఇటుక, ఇనుము బాధితుల పక్షాన మాట్లాడతాయి. ఆర్లింగ్టన్‌లో అదే చేయి దళం పక్షాన పనిచేసింది. ఎవరికోసం అన్న ప్రశ్న మారితే రూపమూ మారుతుంది.

పికాసో 1937లో వేసిన 'గెర్నికా'లో విమానం ఒక్కటీ కనిపించదు. బిడ్డ శవంతో తల్లి, విలవిలలాడే గుర్రం, కూలిన మనిషి కనిపిస్తారు. అయినా బాంబు ఎక్కడ పడిందో మనకు తెలుస్తుంది. పికాసో కూడా కొంత వదిలేశాడు, కాని నేలను వదల్లేదు.

యుద్ధం మీద కలం పట్టే మన కవులకూ ఇదే కొలబద్ద. వీరుణ్ణి కీర్తించే ముందు, అతని విమానం నీడ ఎవరి ఇంటి మీద పడిందో చూడాలి.