వృద్ధాప్యంలో లూపస్ – లక్షణాల పట్టికలపై ఒక విమర్శ

లూపస్ అనగానే వైద్యవిద్యార్థికి స్ఫురించేది యౌవనంలో ఉన్న స్త్రీ, ఆమె బుగ్గలపై సీతాకోకచిలుక రెక్కల వంటి ఎర్రని మచ్చ. ఈ చిత్రం తప్పు కాదు, అసంపూర్ణం. ఈ రోగులలో నూటికి 10 నుండి 20 మందికి వ్యాధి 50 ఏళ్లు దాటిన తరువాతనే ఆరంభమవుతుంది.

రోగక్రిములను ఎదిరించవలసిన రక్షణవ్యవస్థ సొంత కణాలలోని కేంద్రక పదార్థాల మీదనే ప్రతిరక్షకాలను తయారుచేయడం ఈ వ్యాధికి మూలం. వయసులో ఉన్నవారిలో ఇది తరచు చర్మంలోను, మూత్రపిండాలలోను ఉద్ధృతంగా కనబడుతుంది. వృద్ధులలో మెల్లగా వస్తుంది: నీరసం, జ్వరం, కీళ్లనొప్పులు, నోరూ కళ్లూ ఎండిపోవడం, ఊపిరితిత్తుల పొరలో నీరు చేరడం.

అమలాపురంలో 65 ఏళ్ల మామ్మగారు ఒకరు ఉన్నారనుకొందాం. ఆమెకు కీళ్లవాపు, ఊపిరితిత్తుల పొరలో నీరు ఉన్నాయి. రక్తంలో కేంద్రక ప్రతిరక్షకాలు కనబడ్డాయి. 1982లో సవరించి, 1997లో తిరిగి దిద్దిన అమెరికా పట్టికలో లక్షణాలు 11. వాటిలో 4 ఉండాలి. ఆ 11లో నాలుగు చర్మానికి, నోటికి చెందినవే. మామ్మగారికి వచ్చేవి 3. కనుక ఆమె లూపస్ రోగి కాదు! 2019లో ఐరోపా, అమెరికా సంఘాలు కలిసి ప్రకటించిన పట్టికలో కీళ్లవాపుకు 6, పొరలోని నీటికి 5 మార్కులు. 10 వస్తే చాలు. ఇప్పుడు ఆమె లూపస్ రోగియే. మారినది పట్టిక, మనిషి కాదు.

కొత్త పట్టిక మెరుగైనదే. అయితే దాని గడప కేంద్రక ప్రతిరక్షకాల పరీక్ష. ఆరోగ్యవంతులైన వృద్ధులలో కూడా అవి కనబడడం కద్దు. అందుచేత వేరే కారణం చక్కగా సరిపోయే లక్షణాన్ని లెక్కించరాదని ఆ పట్టికే నియమం పెట్టింది. మన దేశంలో పొరలోని నీటికి క్షయ ముఖ్యకారణం. క్షయను లూపస్ అని భ్రమించి స్టెరాయిడ్లు మాత్రమే ఇస్తే క్షయ ముదురుతుంది. లూపస్‌ను క్షయ అనుకొంటే అసలు చికిత్స ఆలస్యమవుతుంది. పైగా క్షయకు వాడే ఐసోనియాజిడ్, రక్తపోటుకు వాడే హైడ్రలజీన్ వంటి మందులే కొందరిలో లూపస్‌ను పోలిన లక్షణాలు కలిగిస్తాయి.

ఈ పట్టికలు పరిశోధనకు ఒకే తీరు రోగులను ఎంచడానికి ఏర్పడినవి. మార్కులు కూడి రోగాన్ని తేల్చడం వాటి ఉద్దేశం కాదు. మామ్మగారి విషయంలో "వయసు మీదపడింది" అని సరిపెట్టక, ఆమె వాడే మందుల వివరం అడిగి, మూత్రాన్ని, పొరలోని నీటిని పరీక్షించిన తరువాతనే పట్టిక తెరవడం న్యాయం.