ప్రాసెసర్ లెక్క తీసే పనితనం

సోమేనహళ్ళి, గుడిబండ, బాగేపల్లి, చింతామణి, మన చిక్కబళ్ళాపురం జిల్లాలో ఏ ఊరైనా తీసుకోండి. పొలం పహణి కోసమో, ఆదాయ పత్రం కోసమో కిటికీ ముందు నిలబడ్డవాళ్ళకు ‘సర్వర్ బిజీ’ అన్న మాట కొత్త కాదు. ఎక్కడో ఒక యంత్రం మీద వందలమంది పని ఒక్కసారే పడింది, అది అందరికీ జవాబు చెప్పలేకపోతోంది. మనకు అర్థమయ్యేది అంతవరకే. ఆ యంత్రాన్ని చూసుకునే మనిషికి అసలు పని అక్కడే మొదలవుతుంది. ఇంతమందిలో ఎవరి పని ప్రాసెసర్‌ను తినేస్తోంది? ఆ పనిలో ఏ భాగం? ఎందుకు? ఒక్కరి పనీ ఆపకుండా, ఒక్కరి మీదా ఉత్త అనుమానం పెట్టుకోకుండా దీన్ని తేల్చడం గొప్ప పనితనం. ఆ పనికి వాడే సాధనాల్లో ముఖ్యమైనవి కొన్ని తయారైంది మన పక్కనున్న బెంగళూరులోనే.

మొదట లెక్క ఎలా రాసుకుంటారో చూద్దాం. లినక్స్ సర్వర్‌లో నడిచే ప్రతి ప్రోగ్రామునూ ప్రాసెస్ అంటారు. ప్రతి ప్రాసెస్‌కూ ఒక నంబరు, ఒక యజమాని ఉంటారు. యంత్రానికి గుండెకాయలాంటి కెర్నల్, ఏ ప్రాసెస్ ఎంతసేపు ప్రాసెసర్ మీద నడిచిందో దాని పేరునే జమ కడుతుంది. ఆ జమ రెండు పద్దులు. ప్రోగ్రాము తన సొంత లెక్కల్లో గడిపిన కాలం ఒకటి, తన తరఫున కెర్నల్ చేత పని చేయించుకున్న కాలం ఇంకొకటి. ఫైలు చదవడం, నెట్‌వర్కు మీద పంపడం లాంటివి రెండోదానిలోకి వస్తాయి. ఈ పద్దులన్నీ ‘ప్రాక్’ అనే డైరెక్టరీలో మామూలు ఫైళ్ళలా కనిపిస్తాయి, తెరిచి చదువుకోవచ్చు. ప్రాసెస్‌లను ఫైళ్ళలా చూపించాలన్న ఈ ఆలోచన 1984లో బెల్ ల్యాబ్స్‌లో టామ్ కిలియన్‌ది.

విలియం లెఫెబ్ర్ రాసిన ‘టాప్’ అనే పనిముట్టు పుట్టిందీ అదే సంవత్సరం. ఈనాటికీ సర్వర్ నెమ్మదించిందంటే ముందుగా తెరిచేది దీన్నే. టాప్ చేసే పని ఎంత సరళమో అంత తెలివైనది. పద్దులను ఒకసారి చదువుతుంది, మూడు సెకన్లు ఆగి మళ్ళీ చదువుతుంది, రెంటి తేడాను గడిచిన కాలంతో భాగిస్తుంది. వచ్చేది ఈ క్షణపు శాతం. ‘పీఎస్’ అనే మరో పనిముట్టు చూపే శాతం వేరు. అది ప్రాసెస్ పుట్టినప్పటి నుంచి ఇప్పటిదాకా సగటు. పది రోజులు నిద్రపోయి ఇప్పుడే చెలరేగిన ప్రాసెస్ పీఎస్‌లో దాదాపు సున్నాగా, టాప్‌లో నూరుగా కనిపిస్తుంది. ఏ అంకె ఎంత కాలానికి సగటో తెలుసుకోవడం ఈ విద్యలో ఓనమాలు.

టాప్ తెర పైభాగంలో మొత్తం ప్రాసెసర్ కాలం ఎనిమిది ముక్కలుగా ఉంటుంది. యూఎస్ అంటే వినియోగదారుల ప్రోగ్రాముల సొంత లెక్కలు. ఎస్‌వై అంటే కెర్నల్ పని. ఎన్‌ఐ అంటే ప్రాధాన్యం తగ్గించుకున్న పనులు. ఐడీ ఖాళీ. డబ్ల్యూఏ కూడా ఖాళీయే, కాకపోతే డిస్కు జవాబు కోసం ఎదురుచూస్తున్న ఖాళీ. హెచ్‌ఐ, ఎస్‌ఐలు పరికరాల పిలుపులకు పలకడానికి పోయిన కాలం. ఎస్‌టీ అంటే మన సర్వర్ ఒక పెద్ద యంత్రంలో అద్దెకున్నప్పుడు, మనకు రావలసిన వంతును ఆ యంత్రం వేరేవాళ్ళకు ఇచ్చేసిన కాలం. రోగం ఏ దిక్కున ఉందో ఈ ఎనిమిది అంకెలే చెబుతాయి. ఎస్‌టీ ఎక్కువగా ఉంటే సర్వర్ లోపల ఎంత వెతికినా దొంగ దొరకడు, ఎందుకంటే అక్కడ లేడు.

పక్కనే లోడ్ యావరేజ్ అని మూడు అంకెలుంటాయి, ఒక నిమిషానికి, అయిదు నిమిషాలకు, పదిహేను నిమిషాలకు. కొత్తవాళ్ళు తడబడేది ఇక్కడే. అది ప్రాసెసర్ శాతం కాదు. వంతు కోసం వరుసలో ఉన్నవాళ్ళ, ఇప్పుడు నడుస్తున్నవాళ్ళ సగటు సంఖ్య. లినక్స్‌లో 1993 నుంచి డిస్కు కోసం ఆగినవాళ్ళను కూడా ఇందులో కలుపుతున్నారు. ఎనిమిది ప్రాసెసర్ల యంత్రంలో లోడ్ 30 ఉండీ ప్రాసెసర్లు ఖాళీగా ఉన్నాయంటే తప్పు చాలాసార్లు డిస్కుది, ప్రాసెసర్‌ది కాదు. మూడు అంకెలనూ పక్కపక్కన పెట్టి చదివితే ఇంకో సంగతి తెలుస్తుంది. మొదటిది పెద్దదై మూడోది చిన్నదైతే గొడవ ఇప్పుడే మొదలైంది. మొదటిది చిన్నదై మూడోది పెద్దదైతే సద్దుమణుగుతోంది.

లెక్క తెలిసింది. ఇక పంపకం. ప్రాసెసర్లు ఎనిమిది, వాటి కోసం కాచుకున్న పనులు వందలు. ఎవరికి ఎప్పుడు వంతు ఇవ్వాలో తేల్చే భాగాన్ని షెడ్యూలర్ అంటారు. 2007 అక్టోబరులో వచ్చిన లినక్స్ 2.6.23లో ఇంగో మోల్నార్ రాసిన షెడ్యూలర్ ప్రతి పనికీ అది నడిచిన కాలాన్ని నానోసెకన్లలో కొలిచి, అందరికంటే తక్కువ నడిచినదాన్నే ముందు పిలిచేది. ప్రాధాన్యం తగ్గించుకున్న పనికి కాలం త్వరగా పెరిగినట్టు లెక్క వేసేవారు, కాబట్టి దానికి వంతు ఆలస్యంగా వచ్చేది. మామూలు పని తూకం 1024, అన్నిటికంటే తగ్గించుకున్నదాని తూకం 15. 2023లో వచ్చిన 6.6లో ఈ షెడ్యూలర్ చోట మరొకటి వచ్చింది. తూకం ప్రకారం న్యాయంగా పంచాలన్న సూత్రం మాత్రం అలాగే నిలిచింది.

అయితే న్యాయం ఎవరికి? ప్రాసెస్‌కా, మనిషికా? ఒక్క ప్రాసెసర్ ఉన్న యంత్రంలో ఒకరు తొమ్మిది ప్రాసెస్‌లు నడుపుతున్నారు, ఇంకొకరు ఒక్కటే. ప్రాసెస్‌ల మధ్య సమంగా పంచితే మొదటివారికి 90 శాతం, రెండోవారికి 10 శాతం. మన చెరువుల కింద నీళ్ళు పంచే నీరుగంటి ఇలా పంచడు. ఆయకట్టులో ఒక రైతు తన మడికి నాలుగు కాలవలు తవ్వుకున్నంత మాత్రాన నాలుగు వంతులు రావు. వంతు భూమిని బట్టి వస్తుంది, కాలవల లెక్కను బట్టి కాదు. 2007లో శ్రీవత్స వడ్డగిరి లినక్స్‌కు తెచ్చినది సరిగ్గా ఈ న్యాయమే. ముందు మనుషుల మధ్య పంచి, ఆపైన ఎవరి వంతును వారి ప్రాసెస్‌ల మధ్య పంచడం. అప్పుడు పై ఇద్దరికీ చెరి 50 శాతం. 2008 జనవరిలో వచ్చిన 2.6.24 నుంచి ఇది కెర్నల్‌లో భాగం. షెడ్యూలర్ మూలపాఠం మొదటి వరుసల్లో ఆయన పేరు నేటికీ ఉంది. నేటి సర్వర్లలో ప్రతి వినియోగదారుకూ ఒక్కో గుంపు కట్టి లెక్క, వంతు చూసే ఏర్పాటు ఈ పునాది మీదిదే.

ఇక వెతికే వరుస చూడండి. ప్రతి ప్రశ్నా ముందు ప్రశ్న జవాబు మీద నిలబడుతుంది. మొదటిది, అన్ని ప్రాసెసర్లూ నిండాయా, ఒక్కటేనా? ఎనిమిదింటిలో ఒక్కటే పూర్తిగా నిండితే మొత్తం శాతం 12.5 మాత్రమే చూపిస్తుంది, అంతా బాగున్నట్టే ఉంటుంది. టాప్‌లో 1 నొక్కితే ఒక్కో ప్రాసెసర్ విడిగా కనబడుతుంది. రెండోది, ఎవరిది? వినియోగదారుల గుంపుల వారీగా చూడాలి. మూడోది, ఏ ప్రాసెస్? ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. వేలకొద్దీ పుట్టి వెంటనే చచ్చే చిన్న ప్రాసెస్‌లు టాప్ రెండు చూపుల మధ్య పుట్టి పోతాయి, పట్టికలో కనబడవు. మొత్తం బిజీగా ఉండి పట్టికలో పెద్ద అంకె లేదంటే అనుమానం వీటి మీదికే పోవాలి, కొత్త ప్రాసెస్ పుట్టిన ప్రతిసారీ చెప్పే పనిముట్టు పెట్టాలి. నాలుగోది, ఆ ప్రాసెస్‌లో ఏ థ్రెడ్, అంటే దానిలో విడిగా నడిచే ఏ పాయ? అయిదోది, ఆ థ్రెడ్ ఏ ఫంక్షన్‌లో, అంటే కోడ్‌లోని ఏ ముక్కలో ఉంది?

ఈ చివరి ప్రశ్నకు 2009లో కెర్నల్‌తో పాటే వచ్చిన ‘పెర్ఫ్’ జవాబు చెబుతుంది. ప్రాసెసర్ ఏం చేస్తోందో మనం చెప్పినన్నిసార్లు చూసి రాసుకుంటుంది. సెకనుకు 99 సార్లు చూడమని చెప్పడం ఆనవాయితీ. నూరు ఎందుకు కాదు? సెకనుకు నూరుసార్లు జరిగే పనులు యంత్రంలో చాలా ఉంటాయి. వాటితో అడుగు కలిస్తే ఎప్పుడు చూసినా ఒకే దృశ్యం కనిపిస్తుంది. ఒక్కటి తగ్గిస్తే అడుగులు విడిపోతాయి, చూపు నిజమవుతుంది. ఇలాంటి నమూనాలను 2011లో బ్రెండన్ గ్రెగ్ ఫ్లేమ్ గ్రాఫ్ అనే బొమ్మగా పేర్చాడు. ఏ పట్టీ వెడల్పుగా ఉందో ప్రాసెసర్ కాలం అక్కడ పోతోందని కంటితోనే చెప్పొచ్చు.

నమూనాలతో తేలనప్పుడు నడుస్తున్న కోడ్‌లోనే కాపలా పెట్టాలి. దానికోసం పుట్టిందే కేప్రోబ్స్. దాని మూలపాఠం ఫైలు తలభాగంలో 2002 అక్టోబరు తేదీతో, మొదట రాసినవారిగా ఐబీఎం భారత శాఖ ఇంజనీరు వంశీకృష్ణ ఎస్. పేరుంది. అది పనిచేసే తీరు ఇదీ. కెర్నల్‌లో మనం చూడదలచిన చోట ఉన్న ఆదేశాన్ని ముందు వేరేచోట నకలు తీసి పెడుతుంది. ఇంటెల్ తరహా ప్రాసెసర్లలో అయితే అసలు చోట మొదటి బైటును తీసేసి ‘ఇక్కడ ఆగు’ అనే ఒక్క బైటు ఆదేశాన్ని పెడుతుంది. ప్రాసెసర్ అక్కడికి రాగానే ఆగుతుంది, మనం అడిగిన వివరం రాసుకుంటుంది, పక్కన దాచిన నకలు ఆదేశాన్ని నడుపుతుంది, తర్వాతి ఆదేశం దగ్గరికి తిరిగి వెళ్తుంది. కెర్నల్‌ను మళ్ళీ కట్టే పని లేదు, సర్వర్ ఆపే పని లేదు. పని కాగానే అసలు బైటు తిరిగి తన చోటికి చేరుతుంది. ఇది 2004లో 2.6.9తో కెర్నల్‌లో చేరింది. ఇదే సౌకర్యాన్ని వినియోగదారుల ప్రోగ్రాములకు ఇచ్చే యూప్రోబ్స్ 2012లో వచ్చింది. దాని రచయితల్లో మొదటి పేరు శ్రీకర్ ద్రోణంరాజు. వందలమంది పనిలో ఉన్న యంత్రం, ఎవరి పనీ ఆగకుండానే, తన లోపలి సంగతి ఇలా చెప్పగలుగుతోంది.

ఇవన్నీ కలిసి ఎలా నడుస్తాయో ఒక్క ఉదాహరణతో చూద్దాం. కాలేజీ సర్వర్, ఎనిమిది ప్రాసెసర్లు, అరవైమంది విద్యార్థులు అనుకోండి. టాప్‌లో ఒక ప్రాసెసర్ నిండుగా ఉంది, దానిలో ఎస్‌వై పెద్ద వాటా తింటోంది. అంటే ఆ ప్రోగ్రాము లెక్కలు చేయడం కంటే కెర్నల్‌ను ఎక్కువగా అడుగుతోంది. ప్రాసెస్ ఒక విద్యార్థిది, పీఎస్‌లో చూస్తే టెర్మినల్ గడిలో ప్రశ్నార్థకం ఉంది. అంటే దాన్ని నడిపిన మనిషి లాగవుట్ అయ్యాడు, టెర్మినల్ పోయింది, ప్రోగ్రాము మిగిలింది. అది కెర్నల్‌ను ఏమడుగుతోందో పెర్ఫ్‌తో చూస్తే ఒకటే కోరిక మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది, ‘చదువు’ అని. జవాబు ప్రతిసారీ సున్నా. సున్నా అంటే ఇక చదవడానికి ఏమీ లేదని అర్థం. ప్రోగ్రాము రాసిన విద్యార్థి దాన్ని ‘ఇంకా రాలేదు’ అనుకుని, వచ్చేదాకా అడుగుతూ ఉండమని రాశాడు. టైపు చేసే మనిషి ఉన్నంతసేపూ ఆ తప్పు బయటపడదు, ఎందుకంటే ప్రోగ్రాము అక్షరం కోసం ఆగి నిద్రపోతుంది. మనిషి వెళ్ళిపోయాక నిద్ర లేదు, అడగడమే. కోడ్‌లో సున్నా వస్తే ఆగిపొమ్మని ఒక్క వరుస చేరిస్తే జబ్బు నయమైనట్టే.

ఈ పనిలో నాకు అమితంగా నచ్చేది ఏమిటంటే, ఆ వరుసలో ఎక్కడా ఊహ లేదు. ఒక ప్రాసెసర్ నిండిందన్నది కొలత. ఎస్‌వై ఎక్కువన్నది కొలత. సున్నా జవాబు కళ్ళారా చూసినది. విద్యార్థి దగ్గరికి వెళ్ళేటప్పటికి సర్వర్ చూసుకునే అడ్మిన్ చేతిలో ఉండేది నింద కాదు, వరుస నంబరుతో సహా నిదర్శనం. అలా చెప్పించుకున్న విద్యార్థి ఆ తప్పు మళ్ళీ చేయడు.

కారణం తేలేలోగా మిగతావాళ్ళు ఇబ్బంది పడకూడదు కదా. దానికీ కొలిచి వేసే మందుంది. 2012 జనవరిలో వచ్చిన లినక్స్ 3.2 నుంచి ఏ గుంపుకైనా గట్టి హద్దు పెట్టవచ్చు. మామూలుగా 100 మిల్లీసెకన్లు ఒక విడత. ఒక విడతలో 200 మిల్లీసెకన్ల ప్రాసెసర్ కాలం ఇచ్చామంటే రెండు ప్రాసెసర్ల పని వరకే అనుమతి. అది అయిపోతే వచ్చే విడత దాకా ఆ గుంపు ఆగాల్సిందే. 2010లో ఒట్టావా లినక్స్ సదస్సులో దీన్ని వివరించిన ముగ్గురు రచయితల్లో భరత బి. రావు ఒకరు. ఎన్నిసార్లు హద్దు తగిలి ఆగారో కూడా లెక్కలో పడుతుంది. అంటే వేసిన మందు మోతాదెంతో, అది ఎంత నొప్పించిందో కూడా కొలుచుకోవచ్చు.

సర్వర్ నెమ్మదించగానే రీస్టార్ట్ చేయడం చాలాచోట్ల అలవాటు. దానితో అరవైమంది పని పోతుంది, నిదర్శనమంతా చెరిగిపోతుంది, జబ్బు మళ్ళీ వస్తుంది. కాబట్టి రీస్టార్ట్ చివరి మెట్టు, మొదటిది కాదు. ఈ పనిముట్లన్నీ ఉచితం. మూలపాఠం ఎవరైనా చదువుకోవచ్చు. చిక్కబళ్ళాపురం జిల్లాలో కంప్యూటర్ చదువుతున్న పిల్లలకు నాదొక్కటే మనవి. మీ ల్యాప్‌టాప్‌లో లినక్స్ పెట్టుకోండి. టాప్ తెరిచి ఆ ఎనిమిది అంకెలూ ఏవి ఎందుకు మారుతున్నాయో మీ అంతట మీరు చెప్పగలిగేదాకా చూడండి. ఆ తర్వాత షెడ్యూలర్ ఫైలు తెరిచి చదవండి. అది రాసినవాళ్ళలో కొందరు మీకు ఒక్క బస్సు ప్రయాణం దూరంలోనే కూర్చుని రాశారు.