మయసభలో అడుగు

మొన్న మా గూడెములో ఒక ప్రదర్శనకు పోయినప్పుడు, ఒక విద్యార్థి నన్ను కుర్చీలో కూర్చుండబెట్టి, "మాష్టారూ, తల నెమ్మదిగా తిప్పి చూడండి" అని చెప్పి, కన్నులు రెంటిని పూర్తిగా కప్పివేయునట్టి హెడ్‌సెట్టును నా తలకు బిగించెను. తత్‌క్షణమే ఆ హాలు, ఆ జనము, ఆ విద్యార్థి సమస్తమును అదృశ్యమై, నేనొక సరస్సు నడుమ పడవలో ఉంటిని. ఎటు చూచినను నీరే. పడవ ఊగినది, దేహము ఊగలేదు. రెండు నిమిషములలో కడుపులో త్రిప్పనారంభించినది. కదలుచున్నామని కన్ను చెప్పుచుండగా, లేదని లోపలి చెవి చెప్పును; ఆ రెండు సాక్ష్యములకు పొత్తు కుదరకపోవుటచేతనే ఆ వికారము. తల త్రిప్పిన పిదప దృశ్యము సెకనులో యాభైయవ వంతుకు మించి వెనుకబడినచో ఈ బాధ ఇంకను హెచ్చునట.

నేను తేరుకొనిన పిమ్మట అతడు ఫోనును బల్లవైపునకు పట్టగా, దాని తెరమీద, ఆ బల్లపైననే, ఒక గూడబాతు నిలిచి రెక్కలు విదిల్చినది. బల్ల నిజము, దానిమీది టీ గ్లాసు నిజము, పక్షి మాత్రము కల్పన. మొదటిది వర్చువల్ రియాలిటీ, రెండవది ఆగ్‌మెంటెడ్ రియాలిటీ. రెంటిని ఒకే గాట కట్టి మాయయని కొట్టివేయుట నాకు సమ్మతము కాదు.

ఈ భేదము మనకు క్రొత్తది కాదు. మయసభలో దుర్యోధనుడు నిలిచినది నిజమైన సభలోనే; స్ఫటికపు నేలను నీరనుకొని వస్త్రమెత్తెను, నీటిని నేలయనుకొని తడిసెను. ఉన్నదానిమీద లేనిది పరచుటయే అచ్చటి శిల్పము. అడుగు వేయునది నిజమైన నేలమీదనే కనుక పడిన దెబ్బయు నిజమే. 1957లో వచ్చిన కె.వి. రెడ్డి 'మాయాబజార్' చూచినవారికి మరియొక తెరగు, అనగా పూర్తి కల్పన, తెలియును: అందు ఘటోత్కచుడు పెండ్లివారికై ఒక విడిదిని సమూలముగా సృజించి, వారినందులోనే నివసింపజేయును. ఆ ఘటోత్కచుని పాత్ర ధరించిన ఎస్.వి. రంగారావు మాకు సమీపమున నూజివీడులో జన్మించినవాడని చెప్పుకొనుటలో నాకొక ప్రీతి కలదు. ఆ చిత్రములోనే ప్రియదర్శిని పేటికయు కలదు; అది దూరమున నిజముగా ఉన్న ప్రియవస్తువును చూపును, కాన దానిని ఈ రెంట దేనియందును చేర్పరాదు.

విచిత్రమేమనగా, ఐవాన్ సదర్లాండ్ 1968లో అమెరికాలో నిర్మించిన తలతొడుగు ఈ రెండు విద్యలకును పూర్వజము. అది బరువైనది గనుక పైకప్పునుండి వ్రేలాడగట్టిరి. సగము పారదర్శకమైన అద్దములగుటచే, గదియు, గదిలో తేలు గీతల బొమ్మయు కలిసియే కనబడినవి. 1994లో మిల్‌గ్రమ్, కిషినో అను పండితులు నిజము ఒక కొసను, పూర్తి కల్పన మరియొక కొసను ఉండునట్లు ఒక సరళరేఖ గీచి, నడుమనున్నదెల్ల మిశ్రమమనిరి. చేతిలో నిజమైన చక్రముండి, ఎదుట మాత్రము బొమ్మరోడ్డు పరుగెత్తు డ్రైవింగ్ సిమ్యులేటరును నేను ఆ నడుమనే నిలుపుదును.

రెంటిలో ఏది మేలని నన్నడిగినచో, మా కొల్లేటి సరస్సు విషయమున నా మాట నిశ్చితము. కృష్ణా గోదావరుల డెల్టాల నడుమ పుట్టి, ఉప్పుటేరు ద్వారా సముద్రమును చేరు ఈ సరస్సు 1999లో అభయారణ్యమైనది, 2002లో చిత్తడినేలల రామ్‌సర్ జాబితా కెక్కినది. అయినను చేపల చెరువుల గట్లు దీనిని ఎంత కోసివేసినవో, 2006లో ఆ గట్లను ఎట్లు పగులగొట్టించిరో మా తరము కన్నులార చూచినది. నీచు వాసనను, గట్టు తెగిన చోటి బురదను ఏ హెడ్‌సెట్టును చూపలేదు. కొల్లేటి ఒడ్డున ఆటపాకలో పడవమీద నున్నవానికి, ఎదుటి పక్షి పేరును తెరపై తెలుగున చూపు విద్య మాత్రము వానిని ఆ నీటినుండి వేరుచేయదు. అట్టిదే మనకు కావలయును.

కొల్లేటిని యంత్రములోని కెక్కింపదలచిన విద్యార్థులారా, ఈ శీతకాలమున ముందు ఆటపాక పడవ ఎక్కుడు.