మడమ దిగే వేళ

ఆ ఫోటోలో మనిషి ముఖం కనిపించదు. మనకు వీపు పెట్టి నిలబడ్డాడు. నడుం పూర్తిగా తిరిగిపోయింది. చేతులు ఎడమ భుజం మీదుగా వెళ్లి ఆగాయి. ఎదురుగా ఫెయిర్‌వేకి అటూ ఇటూ, దూరంగా గ్రీన్ చుట్టూ గోడకట్టినట్టు జనం. ఇంత దృశ్యంలో మనవైపు సూటిగా చూస్తున్నది ఒక్కటే, అతని కుడి బూటు అడుగు. మడమ ఆకాశానికి లేచి, మునివేళ్లు మాత్రమే నేలను తాకుతుంటే, స్పైకులన్నీ లెక్కపెట్టుకోవచ్చు అన్నట్టు ఆ అట్ట మనకు ఎదురుగా నిలబడి ఉంటుంది.

1950 జూన్ 10. ఫిలడెల్ఫియా పక్కన మెరియన్ గోల్ఫ్ క్లబ్. యు.ఎస్. ఓపెన్ చివరి రౌండు, చివరి హోల్. బెన్ హోగన్ ఒకటో నంబరు ఐరన్‌తో గ్రీన్ మీదికి కొట్టిన షాట్ అది. ఫోటో తీసినవాడు హై పెస్కిన్. గోల్ఫ్‌లో ఇంతకన్నా పేరున్న బొమ్మ మరొకటి లేదనే చెప్పాలి. దాన్ని చూసిన ప్రతివాడూ ఆ చేతుల ముగింపును మెచ్చుకుంటాడు. నాకు మాత్రం చూపు ఆ అరికాలి దగ్గరే ఆగిపోతుంది. ఆ షాట్ కథంతా అక్కడే రాసి ఉంది.

కుడి పాదం అంత తేలిగ్గా లేచిందంటే, దాని మీద బరువు ఏమీ మిగల్లేదన్నమాట. మోయాల్సిందంతా ఎడమ కాలు మోస్తోంది. ఆ ఎడమ కాలు ఎలాంటిది? 1949 ఫిబ్రవరి 2న టెక్సాస్‌లో, పొగమంచులో ఎదురుగా వచ్చిన బస్సు హోగన్ కారును ఢీకొంది. భార్య వాలెరీని కాపాడటానికి ఆమె మీదికి అడ్డంగా పడ్డాడు. కటి ఎముక విరిగింది, కాలర్ బోన్ విరిగింది, పక్కటెముక విరిగింది. ఎడమ చీలమండ కూడా. కాళ్లలో కట్టిన రక్తపు గడ్డలు గుండె వైపు పోకుండా పెద్ద సిరను కట్టేయాల్సి వచ్చింది. ఆ తర్వాత పదహారు నెలలకు, కాళ్లకు పట్టీలు చుట్టుకుని, ఆ రోజుల పద్ధతి ప్రకారం ఒకే రోజు ముప్పై ఆరు హోల్స్ నడిచాడు. ముప్పై ఆరో హోల్‌లో, విరిగి అతికిన ఆ చీలమండ మీద ఒంటి బరువంతా వాల్చి, తూగకుండా నిలబడ్డాడు. ఆ హోల్ పార్‌లో ముగించి ప్లేఆఫ్‌కు చేరాడు, మర్నాడు గెలిచాడు. గెలవకపోయినా ఆ నిలుపు అంతే గొప్పది.

చేతులు చేసే పని కంటికి కనిపిస్తుంది. పాదాలు చేసేది వెతుక్కుంటే తప్ప దొరకదు. కుడిచేతి ఆటగాడు క్లబ్ వెనక్కి తీసేటప్పుడు బరువు కుడి పాదం లోపలి అంచుకు చేరుతుంది. బయటి అంచుకు జారిందా, ఇక తిరిగి రావడం కష్టం. ఎడమ చీలమండ లోపలికి ఒరుగుతుంది, కొందరికి మడమ కాస్త లేస్తుంది. ఇక్కడి నుంచే అసలు అందం. క్లబ్ ఇంకా వెనక్కే పోతూ ఉంటుంది, చేతులు ఇంకా పైకే వెళుతూ ఉంటాయి. ఆ లోపే ఎడమ మడమ దిగడం మొదలవుతుంది. పైన ఒక ప్రయాణం పూర్తి కాకముందే కింద తిరుగు ప్రయాణం మొదలైపోయింది! ఒకే ఒంట్లో, ఒకే క్షణంలో, రెండు దిక్కులు. ఆ సాగుడులోంచే బలం పుడుతుంది. స్లో మోషన్‌లో చూసినప్పుడల్లా ఆ మడమ దిగే వేళ కోసం నేను ఊపిరి బిగబట్టి కూర్చుంటాను.

బంతికి క్లబ్ తగిలి ఉండేది సెకనులో రెండువేలో వంతు. అంత తక్కువ సమయంలో చేతులు దిద్దుకోగలిగింది ఏమీ లేదు. క్లబ్ గీసే వలయం నేలను ఎక్కడ తాకాలో ముందే నిర్ణయమైపోవాలి. ఐరన్ షాట్‌లో బంతికి ముందు తగిలి, ఆ తర్వాత మట్టి లేవాలి. బరువు కుడికాలి మీద ఉండిపోతే మట్టి ముందు లేస్తుంది, బంతి నాలుగడుగులు దొర్లి ఆగుతుంది. నిలకడ అని మనం పొగిడేది ఇదే, ఆ వలయపు అడుగు ప్రతిసారీ ఒకే చోటికి రావడం. దాన్ని అక్కడికి తెచ్చేవి పాదాలు.

అదే 1950లో ఒహాయోలోని కొలంబస్‌లో జాక్ గ్రౌట్ అనే గురువు పదేళ్ల పిల్లవాడికి పాఠం మొదలుపెట్టాడు. రెండు మడమలూ నేలకు ఆనించే ఉంచి కొట్టమనేవాడు. మడమ ఎత్తే దారి మూసేసరికి చీలమండలు ఒరగడం నేర్చుకోక తప్పలేదు. ఆ పిల్లవాడు జాక్ నిక్లస్. పెద్దయ్యాక డ్రైవర్‌తో కొట్టేటప్పుడు ఎడమ మడమను ధారాళంగా ఎత్తేవాడు. కట్టుబాటు ఒంటబట్టాక వచ్చిన స్వేచ్ఛ కనుకనే ఆ ఎత్తడంలో అంత ధీమా. 1986లో నలభై ఆరేళ్ల వయసులో పద్దెనిమిదో మేజర్ టైటిల్ గెలిచినప్పుడు కూడా ఆ మడమ లేస్తూనే ఉంది.

శామ్ స్నీడ్ సంగతి వేరు. వర్జీనియా కొండల్లో చెప్పుల్లేకుండా ఆడుతూ పెరిగినవాడు. పేరు వచ్చాక కూడా బూట్లు విప్పి సాధన చేసేవాడు. వట్టికాళ్లతో బలవంతంగా కొడితే ఒళ్లు తూలుతుంది, ఆ సంగతి కాలివేళ్లు వెంటనే చెప్పేస్తాయి. కూచిపూడి తరంగంలో ఇత్తడి పళ్లెం అంచును వేళ్లతో పట్టి తాళానికి కదిలే నర్తకిని చూసిన మనకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. క్లబ్ కిందికి దిగేటప్పుడు స్నీడ్ మోకాళ్లు రెండూ విచ్చుకుని, ఒక్క రెప్పపాటు కూర్చోబోతున్నట్టు కనిపిస్తాడు. నేలను అడిగి తీసుకుంటున్నట్టుంటుంది ఆ వంగడం. 1965లో యాభై రెండేళ్లప్పుడు గ్రీన్స్‌బరోలో గెలిచాడు, అది పీజీఏ టూర్‌లో అతని చివరి విజయం. అంతకాలం ఆ లయ చెదరలేదు.

ఇంతమందిని చూశాక స్కాటీ షెఫ్లర్‌ను చూస్తే మొదట మనసు ఒప్పుకోదు. దెబ్బ పడే వేళకు అతని పాదాలు జారతాయి. కుడి పాదం గడ్డిని ఈడ్చుకుంటూ వెనక్కి తప్పుకుంటుంది, ఎడమ పాదం మెలితిరుగుతుంది. ఏ పాఠ్యపుస్తకమూ ఒప్పుకోని భంగిమ. చిన్నప్పటి నుంచి నేర్పిన ర్యాండీ స్మిత్ ఆ జారుడును సరిదిద్దలేదు. ఆ సంయమనానికి నేను చేతులెత్తి మొక్కుతాను. 2022లో, 2024లో మాస్టర్స్, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో బంగారం, 2025లో పీజీఏ ఛాంపియన్‌షిప్, బ్రిటిష్ ఓపెన్. ఇవన్నీ ఆ జారే కాళ్లతోనే. పది షాట్లు వరసగా చూడండి. జారుడు పదిసార్లూ అదే క్షణాన మొదలై, అదే దూరం పోయి ఆగుతుంది. బరువు ఎడమకు చేరాకే కుడి పాదం కదులుతుంది, ఒక్కసారి కూడా ముందు కాదు. ఒళ్లు అంత వేగంగా తిరుగుతుంటే దారి ఇచ్చి పక్కకు తప్పుకునే మర్యాద ఆ పాదానిది. బూటు ఆగి, నలిగిన గడ్డి మెల్లగా లేచేసరికి, బంతి ఇంకా పైకే వెళుతూ ఉంటుంది.