బొల్లి: శబ్దార్థ విచారణ

చర్మముపై సహజవర్ణము తొలగి తెల్లని మచ్చ లేర్పడు స్థితిని తెలుగువారు బొల్లి యందురు. ఈ శబ్దము వ్యాధి కొక్కదానికే పరిమితమైనది కాదు. తెల్లమచ్చ గల ఆవు బొల్లి ఆవు. నుదుట తెల్లని బిళ్ళతో చెరువులలో ఈదులాడు నల్లని పక్షి బొల్లికోడి. ఈ ప్రయోగములందు వర్ణనిర్దేశమే కలదు గాని ఏవగింపు లేదు. 'కల్లబొల్లి' లోని బొల్లిని దీనితో ముడివెట్టి నిందార్థము కల్పించుట తగదు. ధ్వనిసామ్య మొక్కటే బంధుత్వమునకు నిదర్శనము కాజాలదు.

సంస్కృతమున దీనికి కిలాసము, శ్విత్రము అను పేర్లు కలవు. శ్విత్రశబ్దము తెలుపును బోధించు ధాతువునుండి పుట్టినది. అథర్వవేద ప్రథమకాండమునందలి 23, 24 సూక్తములు ఓషధిని సంబోధించి కిలాసమును పోగొట్టుమని వేడుకొనుచున్నవి. 23వ సూక్తము కిలాసమును నెరసిన వెండ్రుకలతో జతపరచుట గమనింపదగినది. ఆ ఋషి దృష్టిలో రెండును రంగు కోల్పోవుటయే.

మరి 'తెల్లకుష్ఠు' అను మాట మాటేమి? చరకసంహిత కుష్ఠములను 18 విధములుగా గణించినది. అనగా నాడు కుష్ఠమనునది పలు చర్మవ్యాధులకు సామాన్యనామము. సుశ్రుతసంహిత కిలాసమును కుష్ఠభేదముగనే చెప్పుచు, అది చర్మమునకే పరిమితమనియు, స్రావము లేనిదనియు వేరుపరచినది. తెలుగున కుష్ఠుశబ్దము ఒక్క వ్యాధికే రూఢమైనది. ఇట్లు అర్థసంకోచము పొందిన పదమునకు 'తెల్ల' చేర్చినంత మాత్రమున పాతయర్థము తిరిగి రాదు. క్రొత్తభయము మాత్రము వచ్చి చేరును.

వస్తుతః ఈ రెండింటికిని పోలిక లేదు. కుష్ఠు సూక్ష్మజీవివలన కలుగునది. దానిని 1873లో నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ కనుగొనెను. ఆ మచ్చలయందు స్పర్శజ్ఞానము సన్నగిల్లును. బొల్లియందు రంగునిచ్చు కణములు నశించును. స్పర్శ చెడదు, ఒకరినుండి మరొకరికి సంక్రమింపదు.

అనువాదకులకు ఈ భేదము మరింత ముఖ్యము. మహాభారత ఉద్యోగపర్వమున ప్రతీపుని జ్యేష్ఠపుత్రుడైన దేవాపి త్వగ్దోషి యను కారణమున పట్టాభిషేకమునకు దూరమయ్యెను. రాజ్యము శంతనునకు దక్కెను. మూలమున నున్నది చర్మదోషమే గాని రోగనామము కాదు. దానిని కుష్ఠని తెనిగించువాడు అనువాదము విడిచి రోగనిర్ణయమునకు పూనుకొన్నవాడగును. సర్వగుణసంపన్నుడు మేనిచర్మ మొక్కదానిచే అనర్హుడగుటలోని విషాదమును సైతము పలుచన చేసినవాడగును.

ఈ వివేకము కుష్ఠుపీడితులను కించపరచుటకు సాధనము కారాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో బహుళౌషధ చికిత్సను సూచించిన పిదప ఆ వ్యాధియు నయమగునదే యైనది. కథలలో ఏ రోగమునైనను పాపఫలమునకు గుర్తుగా వాడుట భావదారిద్ర్యము. ఉన్నదానిని ఉన్నట్లు చెప్పుటకు తెలుగు రచయితకు బొల్లి యను రెండక్షరములు చాలును.