వినడానికీ లెక్కుంది

ఓపిగ్గా తలూపుతూ వినడానికి చదువెందుకని కౌన్సెలర్ల గురించి చాలామంది అనుకుంటారు. ఆ పద్ధతికి రూపమిచ్చిన అమెరికన్ మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ జీవితం చూస్తే ఆ మాట నిలవదు. 1902లో షికాగో దగ్గరి ఓక్ పార్క్‌లో, కట్టుదిట్టమైన క్రైస్తవ కుటుంబంలో పుట్టాడు. పన్నెండేళ్లప్పుడు ఇల్లు పొలానికి మారింది. అక్కడ పశువుల మేత మీద పుస్తకాలు చదివి, ఒక మందకు కొత్త మేత వేసి, మరో మందకు వేయకుండా పోల్చితే తప్ప నిజం తేలదని నేర్చుకున్నాడు. తర్వాత న్యూయార్క్‌లో మతబోధకుడి చదువుకు చేరి, ఫలానాదే నమ్మాలనే వృత్తి తనకు సరిపడదని రెండేళ్లకే బయటపడ్డాడు. ముందే ఖాయమైన జవాబుల మీద విముఖత, ప్రయోగం మీద గురి: రోజర్స్ కౌన్సెలింగ్ ఈ రెంటి మీదా నిలిచింది. మొదటిదే అందరికీ గుర్తుంటుంది. దాని విలువ మాత్రం రెండోదాని వల్లనే అంటాను.

మనస్తత్వవేత్తగా మారాక రాచెస్టర్‌లో ఆయన 12 ఏళ్లు పిల్లల సమస్యలు చూశాడు. అల్లరి కొడుకున్న ఒక తల్లికి కారణం ఎంత విడమర్చినా ఫలితం రాలేదు. ఇక ఆపేద్దామనుకున్నాక గుమ్మం దాకా వెళ్లిన ఆవిడ వెనుదిరిగి, ఇక్కడ పెద్దవాళ్లనూ చూస్తారా అని అడిగింది. అప్పుడు తన కాపురంలోని బాధ చెప్పుకుంది. కొడుకూ క్రమంగా దారికొచ్చాడు. రోజర్స్ పద్ధతికి ఇదొక మలుపు. ఈ పద్ధతిలో, ఉద్యోగం మానేయాలనుందని ఒకరంటే, మానెయ్ అనో వద్దనో చెప్పక, ‘అక్కడ మీ మాటకు విలువ లేదనిపిస్తోందా?’ అంటాడు కౌన్సెలర్. పొరబడితే అవతలివారే దిద్దుతారు. దిద్దే క్రమంలో తమ మనసు తమకే తేటపడుతుంది. ఇది సరిగ్గా జరుగుతోందో లేదో చూడటానికి రోజర్స్ సంభాషణలను రికార్డు చేయించాడు. ఒక వ్యక్తితో జరిగిన ఎనిమిది సంభాషణలను 1942లో పూర్తిగా అచ్చువేశాడు.

మన దగ్గర సలహా కోసమే వస్తారు, ప్రశ్న తిరిగిస్తే ఫీజు దండగే కదా అంటారు. సలహాలకు మనకు మేనమామలూ పిన్నులూ ఎప్పుడు కరువయ్యారు? ఆ గది దాకా వచ్చినవారు వాటన్నిటినీ వినే వచ్చారు. ఇంతకంటే బలమైన అభ్యంతరాలు వేరే ఉన్నాయి. విస్కాన్సిన్‌లో స్కిజోఫ్రీనియా రోగులతో రోజర్స్ బృందం చేసిన పెద్ద అధ్యయనంలో ఆశించినంత మేలు కనబడలేదు. అలాంటి జబ్బుకు సైకియాట్రిస్టూ మందులూ కావాల్సిందే. ఇక 1966లో, ఆయనతో పనిచేసిన చార్లెస్ ట్రూయాక్స్ రోజర్స్ సొంత రికార్డులనే పరిశీలించి, అన్ని మాటలకూ ఆయన ఒకేలా స్పందించలేదనీ తనకు తెలియకుండానే కొన్నిటిని ప్రోత్సహించాడనీ చూపాడు. గురువు మీద ఇంతకంటే పెద్ద ఫిర్యాదు ఉండదు. అయితే ఆ రికార్డులు లేకపోతే ఆ లోపం బయటపడేదే కాదు. కౌన్సెలర్‌ను వెతుక్కునేవారు సర్టిఫికెట్టుతోపాటు, మీ పనిని ఎవరు పరిశీలిస్తారని కూడా అడగవచ్చు.